పెద్దాయన మాత్రల సంచి

ఎండాకాలంలో ఆదోని నుంచి కర్నూలుకో, పోరుమామిళ్ల నుంచి కడపకో బస్సెక్కాల్సిన పెద్దాయనలు చాలామంది ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. పొద్దున కాఫీ వద్దంటారు. మజ్జిగ ఇస్తే చెంబు పక్కన పెట్టేస్తారు. దారిలో బస్సు ఆపమని కండక్టరును అడగాల్సి వస్తుందేమోనని వారి భయం. ఆపినా, దిగి నిలబడి, మూత్రం వచ్చేదాకా బస్సునిండా జనం తమకోసం కాచుకుని ఉండటం మరీ కష్టం. పెళ్లికి వెళ్లినా, మంత్రాలయం వెళ్లినా, మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్లినా ఇదే లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం కొత్తకాని ఈ నేల మీద డెబ్భై ఏళ్ల మనిషి కావాలని గొంతు ఎండబెట్టుకుని ప్రయాణం చేస్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పడు గనుక.

చెప్పకపోవడానికి సిగ్గు ఒక కారణం. వయసు మీద పడ్డాక అందరికీ ఉండేదేలే అనే సర్దుబాటు ఇంకో కారణం. ‘రేత్రంతా లేసేదే సరిపోతాంది’ అని ఎప్పుడైనా నోరు జారినా, ‘షుగరేమో చూపించుకో నాయనా’ అనేసి ఎవరి పనిలో వారు పడతారు. కోడలి ముందు ఆ మాట ఎత్తలేడు. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే ఫోనులో అంతకంటే ఎత్తలేడు. తెలిసేది భార్య ఒక్కదానికే. ఆయన లేచినప్పుడల్లా ఆమె నిద్రా పోతుంది గనుక ఆమెకు విడిగా చెప్పాల్సిన పని లేదు.

చాలా సందర్భాల్లో ఈ బాధకు మూలం ప్రోస్టేట్ గ్రంథి. మూత్రాశయం కిందుగా, మూత్రనాళం చుట్టూ ఉండే ఈ గ్రంథి వయసులో ఉన్నప్పుడు దాదాపు 20 గ్రాములే. నడివయసు దాటాక మెల్లగా పెరగడం మొదలవుతుంది. యాభైల్లో ఉన్నవారిలో సగం మందికి, 85 దాటినవారిలో పదిమందికి తొమ్మిదిమందికి ఈ పెరుగుదల ఉంటుందని 1984లోనే అమెరికా వైద్యులు లెక్కగట్టారు. ఇది క్యాన్సర్ కాదు. పెరిగిన ప్రతివారికీ ఇబ్బంది ఉంటుందనీ లేదు. ఇబ్బంది మొదలైతే మాత్రం చేను చివరి డ్రిప్పు పైపును ఎవరో కాలితో తొక్కిపట్టినట్టు ఉంటుంది: ధార సన్నగా రావడం, ఆగి ఆగి రావడం, అయిపోయాక కూడా ఇంకా మిగిలినట్టు అనిపించడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం.

దీనికి మంచి మందులున్నాయి. ఆ మాట ముందే, గట్టిగా చెప్పుకోవాలి. ఇక్కడ మందులను తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఒకప్పుడు ఆపరేషను తప్ప దారి లేని బాధకు ఇప్పుడు రోజుకో మాత్రతో ఊరట దొరకడం మన తాతలకు లేని భాగ్యం. 1970లలో జెరూసలేంలో మార్కో కెయిన్ అనే యూరాలజిస్టు ఈ గ్రంథిలోనూ, మూత్రాశయం మెడ దగ్గరా ఉండే కండరాలు బిగుసుకోవడం మీద దృష్టి పెట్టారు. ఆ బిగువును సడలించే ఫినాక్సిబెంజమిన్ అనే మందును రోగులకు ఇచ్చి చూశారు. ధార మెరుగుపడింది. అయితే ఆ మందు రక్తనాళాలను కూడా సడలించి బీపీని పడగొట్టేది. తర్వాతివారి ప్రయత్నమంతా గ్రంథిని సడలిస్తూ, రక్తనాళాల జోలికి వీలైనంత తక్కువగా వెళ్లే మందు కోసమే సాగింది. జపాన్‌లో పుట్టిన ట్యామ్సులోసిన్ అలా వచ్చింది. 1997లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు ఇవాళ మన మెడికల్ షాపుల్లో రకరకాల కంపెనీ పేర్లతో దొరుకుతోంది. ఆల్ఫ్యుజోసిన్, సైలోడోసిన్ దాని దాయాదులే. ఇవి కొద్ది రోజుల్లోనే ఊరటనిస్తాయి. గ్రంథి పరిమాణాన్ని మాత్రం తగ్గించవు.

తగ్గించే మందుల కథ వేరు. డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే పల్లెలో ఆడపిల్లలుగా పెరిగి, ఈడు వచ్చేసరికి మగపిల్లలుగా మారుతున్న కొందరి గురించి 1974లో జూలియన్ ఇంపరాటో-మెక్‌గిన్లీ అనే వైద్యురాలు, ఆమె సహచరులు లోకానికి చెప్పారు. వారి ఒంట్లో ఒక ఎంజైము కొరవడింది. పెద్దయ్యాక కూడా వారి ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే గ్రంథి కుంచించుకుపోతుందేమో అన్న ఆలోచన నుంచి ఫినాస్టెరైడ్ పుట్టింది. 1992లో వాడకంలోకి వచ్చింది. తర్వాత డ్యుటాస్టెరైడ్ చేరింది. ఇవి పనిచేయడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలు ఓపిక పట్టాలి.

రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. 3,047 మందిని సగటున నాలుగున్నరేళ్లు గమనించారు. సడలించే మందు ఒక్కటే వాడినవారికి బాధ తగ్గింది, కానీ మూత్రం పూర్తిగా బిగుసుకుపోయే గండం, ఆపరేషన్ అవసరం తగ్గలేదు. కుదించే మందు ఆ రెండింటినీ తగ్గించింది. రెండూ కలిపి వాడినవారిలో జబ్బు ముదిరే అవకాశం 66 శాతం తగ్గింది. ఈ అంకె చూసి అందరికీ రెండూ రాసేయాలని అనిపిస్తుంది. కలిపిన మాత్ర మొదటి చీటీలోనే కనిపిస్తున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ కుదించే మందు మేలు చేసేది గ్రంథి బాగా పెరిగినవారికి. పెరగనివారికి ఖర్చూ, కోరిక తగ్గడం, నీరసం లాంటి ఇబ్బందులూ మిగులుతాయి. గ్రంథి ఎంత పెరిగిందో వేలితో పరీక్ష చేసో, స్కానింగ్‌లోనో చూడకుండా ఆ నిర్ణయం ఎలా కుదురుతుంది?

ఇంతవరకూ చెప్పింది లోకంలో ఎక్కడైనా ఒకటే. రాయలసీమలో ఒక విషయం అదనంగా చూసుకోవాలి. అది ఎండ.

మనిషి కూర్చున్నవాడు లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి తోస్తాయి. ఆ పని క్షణాల్లో జరుగుతుంది గనుకే మనకు తల తిరగదు. వయసు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. ఎండకు చర్మం కింది నాళాలు వెడల్పవుతాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. దానికి తోడు బస్సు కోసమో, రాత్రి లేవాల్సి వస్తుందనో పెద్దాయన నీళ్లు మానేసి ఉంటాడు. బీపీ మాత్ర ఉండనే ఉంది. వీటన్నిటి మీదా సడలించే మాత్ర పడుతుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నదే. అన్నీ ఒక్కచోట చేరిన మే నెల మధ్యాహ్నం మంచం మీద నుంచి లేచిన మనిషికి కండ్లు బైర్లు కమ్ముతాయి.

ట్యామ్సులోసిన్ మొదలుపెట్టిన తొలి ఎనిమిది వారాల్లో బీపీ బాగా పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సివచ్చే ముప్పు ఎక్కువని అమెరికాలో జరిగిన ఒక పరిశీలన 2013లో చెప్పింది. అందులో మనవాళ్లు ముఖ్యంగా పట్టించుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. మందు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు కూడా ఆ ముప్పు తిరిగి వస్తుంది. డబ్బుల్లేక, టౌనుకు పోయే వీలు లేక పదిహేను రోజులు మాత్ర మానేసి, పింఛను రాగానే మళ్లీ కొనుక్కునే పెద్దాయన ప్రతిసారీ తొలి మాత్ర వేసుకున్నట్టే. ‘ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రే కదా’ అనుకుంటాడు. ఒంటికి మాత్రం అది కొత్త.

అన్నం సంగతీ ఉంది. ట్యామ్సులోసిన్‌ను రోజూ ఒకే పూట, భోజనం చేశాక వేసుకోమంటారు. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఎక్కువగా, త్వరగా రక్తంలోకి చేరుతుంది, తల తిరగడమూ పెరుగుతుంది. మన పెద్దవాళ్లలో శనివారం ఒక్కపొద్దు ఉండేవారెందరో. కర్నూలు, కడప పట్టణాల్లో రంజాన్ నెలంతా ఉపవాసముండే పెద్దలు వేలమంది. చీటీ రాసేటప్పుడు ‘భోజనం తర్వాత’ అని రాస్తే సరిపోదు. ‘ఉపవాసం ఉంటారా, ఉంటే ఎప్పుడు తింటారు’ అని ఒక్క మాట అడిగితే ఆ మాత్రను ఏ పూటకు పెట్టాలో తేలిపోతుంది. ఈ మాత్రను నమలకూడదని, గొట్టం విప్పి పొడి చేసుకోకూడదని కూడా చెప్పాలి. మింగలేక అలా చేసే ముసలివాళ్లు ఉన్నారు.

పడిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? నాపరాయి బండలు పరిచిన ఇళ్లు మనవి. వేసవిలో చల్లగా ఉంటాయి, నీటి చుక్క పడితే జారతాయి. మరుగుదొడ్డి చాలా ఇళ్లలో దొడ్డిలో ఓ మూలన ఉంటుంది, రాత్రి అంతదూరం చీకట్లో నడవాలి. లేచిన వేగమూ, నిలబడి మూత్రానికి పోవడమూ రెండూ బీపీని ఇంకాస్త దించుతాయి. తుంటి ఎముక విరిగిందంటే ఆ తర్వాత జీవితం మంచం చుట్టూనే. ఆలూరు, హొళగుంద, కోసిగి, పత్తికొండ వైపు పల్లెల్లో పంటలు అయిపోయాక వయసులో ఉన్నవారంతా సుగ్గికి, గుంటూరు మిరప చేలల్లో కోతలకు వెళ్లిపోతారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. రాత్రి రెండు గంటలకు పెద్దాయన పడితే లేపడానికి ఉన్నది ముసలమ్మ, పదేళ్ల మనవడు. ఈ మాత్ర రాసే డాక్టరు ఎదుట కూర్చున్న మనిషి ఏ ఇంటికి తిరిగి వెళ్తున్నాడో కూడా కాస్త ఊహించుకోవాలి.

ఇక సంచి దగ్గరకు వద్దాం. పెద్దాయన ఆసుపత్రికి వచ్చేటప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. లేకపోతే బట్టల దుకాణం ఇచ్చిన గుడ్డ సంచి. అందులో సగం వాడిన షీట్లు, పాత చీటీలు, ఎప్పుడో తీసిన ఎక్స్‌రే. బీపీ మాత్ర ఒక డాక్టరు రాసింది, షుగర్ మాత్ర ఊరికి వచ్చే 104 వాహనం దగ్గర ఇచ్చింది, మోకాళ్ల నొప్పుల మాత్ర ఆర్‌ఎంపీ ఇచ్చింది, నిద్ర పట్టడానికి ఇంకొకరు ఇచ్చింది. ఆ సంచిని బల్ల మీద పూర్తిగా కుమ్మరించి చూడటం మూత్రం బాధకు చేసే వైద్యంలో మొదటి మెట్టు అని మా నమ్మకం. ఎందుకంటే ఆ బాధకు కారణం కొన్నిసార్లు సంచిలోనే ఉంటుంది.

జలుబు మాత్ర సంగతి చూడండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందు, తుమ్ములు ఆపే మందు కలిసి ఉంటాయి. మొదటిది మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది మూత్రాశయం బలంగా నొక్కకుండా చేస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన మనిషికి ఆ రెండూ కలిస్తే రాత్రికి రాత్రే మూత్రం బిగుసుకుపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి, చుక్క రాక, ప్రాణం పోతున్నట్టు అల్లాడుతూ తెల్లవారుజామున ఆటోలో పెద్దాసుపత్రికి వచ్చి పైపు వేయించుకునే ముసలివాళ్లను ‘నిన్న ఏ మాత్ర వేసుకున్నారు’ అని అడగాలి. నరాల నొప్పికీ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్‌కూ ఈ గుణం ఉంది.

బీపీకి వాడే అమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు రాత్రి పడుకోగానే రక్తంలోకి తిరిగివచ్చి మూత్రంగా దిగుతుంది. ఆ రాత్రి లేవడానికి ప్రోస్టేట్‌తో సంబంధం లేదు. నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవడమే. దాన్ని పొద్దుటికి మారిస్తే చాలావరకు సరిపోతుంది. షుగర్‌కు ఇప్పుడు విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ 2020లో పేటెంట్ గడువు తీరాక మన దేశంలో చౌకగా దొరుకుతోంది. గుండెకూ, కిడ్నీకీ మేలు చేసే మంచి మందు. అది చక్కెరను మూత్రంలోకి పంపి పనిచేస్తుంది గనుక మూత్రమూ ఎక్కువగా వస్తుంది. ఆ మాత్ర మొదలైన వారంలోనే ‘ఎక్కువసార్లు పోవాల్సివస్తోంది’ అని వచ్చిన పెద్దాయనకు ప్రోస్టేట్ మాత్ర రాస్తే, ఒక మందు చేసిన పనికి ఇంకో మందు తగిలించినట్టే.

ఇంకో చిక్కు కిడ్నీ జబ్బు ఉన్నవారిలో కనిపిస్తుంది. వారికి బీపీ కోసం ప్రజోసిన్ ఇవ్వడం మన దగ్గర మామూలు. అదీ సడలించే కుటుంబానికి చెందిందే. కిడ్నీ డాక్టరు అది రాశారని తెలియకుండా ఇంకొకరు ట్యామ్సులోసిన్ రాస్తే, ఒకే పని చేసే మందులు రెండు పడతాయి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో, రెండు చీటీల మీద, ఒకే సంచిలో చేరడమూ ఉంది. అక్షరాలు చదవలేని మనిషి షీటు రంగు చూసి గుర్తుపడతాడు. రంగు వేరైతే మందు వేరనే అనుకుంటాడు, అందులో ఆయన తప్పేముంది?

మాటిమాటికీ, ఆపుకోలేనంత అర్జెంటుగా వచ్చే మూత్రానికి వేరే రకం మందులున్నాయి. ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనాసిన్ లాంటివి. మూత్రాశయాన్ని శాంతపరుస్తాయి. వీటితో నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, కొందరు ముసలివాళ్లలో మతిమరుపు, తికమక పెరుగుతాయి. లోపల మూత్రం మిగిలిపోతున్న మనిషికి ఇస్తే మరింత మిగిలిపోవచ్చు. అందుకే ఇవి రాసే ముందు, మూత్రానికి పోయి వచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడటం అవసరం. చుక్కలు చుక్కలుగా కారుతోందని చెప్పిన పెద్దాయన మూత్రాశయం నిండిపోయి పొర్లుతుండవచ్చు. బాధ పెద్దగా లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్న రకం అది. ఒక స్కానింగ్, ఒక క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేస్తే అది బయటపడుతుంది.

మాత్ర రాయకుండా తగ్గే బాధ కూడా ఉంది. జపాన్‌లోని నాగసాకి విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. ఉప్పు ఎక్కువ తింటూ రాత్రిళ్లు లేస్తున్నవారికి రోజుకు 10.7 గ్రాముల ఉప్పును 8 గ్రాములకు తగ్గిస్తే, రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు దిగింది. సంగటిలోకి ఊరుబిండి, అన్నంలోకి ఊరగాయ, మజ్జిగలోకి మిరపకాయ లేనిదే ముద్ద దిగని మనకు ఈ సంగతి తెలియాలి. మానేయమని కాదు, రాత్రి పూట తగ్గించుకోమని. నీళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాగా తాగి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించుకోవాలి. ఇప్పుడు పెద్దాయనలు చేస్తున్నది దీనికి తలకిందులు: పగలు బయట తిరగాలని మానేసి, ఇంటికి చేరాక దాహానికి చెంబులు చెంబులు తాగుతారు. మూత్రంలో రాళ్లు ఎక్కువగా కనిపించే వేడి నేల ఇది. పగలు ఎండబెట్టుకుంటే ఇంకో జబ్బును పిలిచినట్టే.

ఎన్నిసార్లు, ఎంతెంత వస్తోందో రెండు మూడు రోజులు ఒక పాత కొలత చెంబులో పట్టి రాసుకుంటే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది. రోజు మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ రాత్రి పూటే వస్తుంటే చూడాల్సింది ప్రోస్టేట్‌ను మాత్రమే కాదు, గుండె, కాళ్ల వాపు, గురకలాంటివి కూడా. రాయడం రాని పెద్దాయనకు మనవడు గీతలు గీసి పెట్టగలడు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మొదట చెప్పాల్సింది డాక్టరే.

1992లో అమెరికా యూరాలజిస్టులు తయారుచేసిన ఏడు ప్రశ్నల పట్టికను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 దాకా, మొత్తం 35 మార్కులు. 7 దాకా తక్కువ, 19 దాకా ఓ మోస్తరు, ఆపైన తీవ్రం. దానికి తర్వాత ఎనిమిదో ప్రశ్న ఒకటి చేర్చారు. మిగిలిన జీవితమంతా ఇలాగే గడపాల్సివస్తే మీకెలా ఉంటుంది అని. మాకు ఆ ఎనిమిదో ప్రశ్నే ఎంతో ఇష్టం. రాత్రి రెండుసార్లు లేచినా ‘పర్వాలేదు, మళ్లీ నిద్ర పడుతుంది’ అనే మనిషికి మాత్ర అక్కర్లేకపోవచ్చు. ఒక్కసారే లేచినా, ఆ ఒక్కసారికే నిద్ర పోయి తెల్లారేదాకా కూర్చునే మనిషికి కావాల్సి రావచ్చు. నిర్ణయం ఆయనను అడిగి తీసుకోవాలి. కిక్కిరిసిన ఓపీలో డాక్టరుకు ఒక్కో రోగికి దొరికేది రెండు మూడు నిమిషాలని మాకు తెలుసు. 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రికి సీమ నలుమూలల నుంచీ, సరిహద్దు దాటి తెలంగాణ, కర్ణాటకల నుంచీ రోగులు వస్తారు. 2006లో వచ్చిన కడప రిమ్స్‌కూ ఆ తాకిడి తక్కువేం కాదు. అందుకే ఆ ప్రశ్నలు డాక్టరు గదిలో కాకుండా, బయట వరుసలో కూర్చున్నప్పుడే నర్సో, వైద్య విద్యార్థో తెలుగులో, సీమ మాటలో అడిగి రాసిపెట్టే ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

రాశాక ఏం జరుగుతోంది? ఒకసారి రాసిన చీటీ ఏళ్ల తరబడి నడుస్తుంది. చీటీ పోయినా ఖాళీ షీటు చూపిస్తే షాపులో ఇస్తారు. చట్టం ప్రకారం ఇవి డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందులు. అయినా ఆ షాపతన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు ఖర్చు, తోడు మనిషి కావాలి. బాధ తగ్గిందా, కండ్లు తిరుగుతున్నాయా, ఇంకా కావాలా అని అడిగేవారు ఎవరూ లేక ఆ మాత్ర అలా సాగిపోతూ ఉంటుంది. నెలకు 4,000 రూపాయల పింఛనులో దాని వాటా దానిదే. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితమే, కానీ నెలనెలా అంత దూరం వెళ్లి తెచ్చుకునేవారు కొందరే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు పెద్ద అండ. ఇంటి దగ్గర రోజూ మింగే మాత్రకూ, దాన్ని ఆరు నెలలకోసారి తిరిగి చూసే చూపుకూ అలాంటి అండ ఇంకా దొరకలేదు.

ఆ చూపు ఎందుకు కావాలో ఒక ఉదాహరణ. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ వాడేవారిలో ఆరు నెలలయ్యేసరికి పీఎస్‌ఏ రక్తపరీక్ష అంకె దాదాపు సగానికి పడిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే పరీక్ష అది. ఈ మందు సంగతి తెలియని డాక్టరు ఆ అంకెను చూసి అంతా బాగుందనుకునే ప్రమాదముంది. అదే మందును ఇంట్లో కడుపుతో ఉన్న కోడలు, కూతురు తాకకూడదు. డ్యుటాస్టెరైడ్ గొట్టం పగిలి కారినా, ఫినాస్టెరైడ్ మాత్ర విరిగినా చర్మం గుండా చేరి కడుపులోని మగబిడ్డ ఎదుగుదలకు హాని చేయగలదు. మామగారి మాత్రలు తీసి చేతికిచ్చేది ఎక్కువ ఇళ్లలో కోడళ్లే. ఈ మాట చీటీ మీద తెలుగులో రాసి ఉండాలి.

జిల్లా యంత్రాంగం నుంచి మేం కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, 104 దగ్గర బీపీ ఇప్పటికే చూస్తున్నారు, కూర్చోబెట్టి. ప్రోస్టేట్ మాత్ర వాడుతున్న ప్రతి పెద్దాయనకూ ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ ఒకటి మూడు నిమిషాల మధ్య ఇంకోసారి చూడాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే ఆ కాగితంతో డాక్టరు దగ్గరకు పంపాలి. మార్చి నెలలోనే, ఎండలు ముదరకముందే ఒక విడత చూడాలి. అప్పుడు బీపీ మాత్ర మోతాదు తగ్గించాలా, ఈ మాత్ర పూట మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తారు. పెద్దాయన తనంత తానుగా ఏ మాత్రా ఆపకూడదు. ఆపేస్తే బిగుసుకుపోయే గండం, మళ్లీ మొదలెడితే పడిపోయే గండం. మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, పూర్తిగా ఆగిపోయినా మాత్రం మర్నాటిదాకా చూడకుండా ఆసుపత్రికి రావాలి. మాత్రలతో కుదరనప్పుడు ఆపరేషను ఉంది, మూత్రనాళం గుండానే పరికరం పంపి చేస్తారు, కోత ఉండదు. దానికి భయపడి ఏళ్ల తరబడి పైపుతో బతకాల్సిన పని లేదు.

కంటి శిబిరాలు నడిపేవారికి కూడా ఒక విన్నపం. ట్యామ్సులోసిన్ వాడేవారికి శుక్లం ఆపరేషను చేసేటప్పుడు కంటిపాప చుట్టూ ఉండే నల్లపొర వదులై, అల్లల్లాడి, చిక్కులు తెస్తుందని కాలిఫోర్నియా కంటి వైద్యులు డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ 2005లో గుర్తించారు. మందు ఆపినా ఆ ప్రభావం చాన్నాళ్లు పోదు. ముందే తెలిస్తే సర్జను తగిన జాగ్రత్తలతో సులువుగా చేసేయగలరు. పల్లెల్లో శిబిరానికి వచ్చే పెద్దాయన కంటి డాక్టరుకు మూత్రం మాత్ర సంగతి చెప్పాలని ఎందుకనుకుంటాడు? పేరు, ఊరు, బీపీ, షుగర్ రాసుకునే ఆ కాగితంలో, ఒంటేలుకు మాత్రలు వాడుతున్నారా, ఎప్పుడైనా వాడారా అన్న వరుస ఒకటి చేర్చండి. అడిగేటప్పుడు సంచి కూడా తెరిపించి చూడండి.